మూడో రాయి

తిమోతి వంటింటి బండల మీద మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడి ఉన్నాడు. ఎడమ నడుములో పుట్టిన పోటు గజ్జలదాకా దిగి మళ్ళీ పైకి పాకుతోంది. పక్కకు తిరిగితే తగ్గుతుందేమోనని తిరుగుతాడు, తగ్గదు, మళ్ళీ ఇటు తిరుగుతాడు. రెండుసార్లు వాంతికి లేచాడు. రెండోసారి నోట్లోంచి ఏమీ రాలేదు. శుక్రవారం కదా, పొద్దుటినుంచి లోపలికి ఏమీ పోలేదు మరి.

తల్లి మగ్దలేనమ్మ కొండపిండాకు కషాయం గ్లాసు పట్టుకుని తలాపున కూర్చుంది. మూత్రంలో రాయి అంటే నస్పూరులో సగం మంది ముందు తాగేది అదే. భార్య లిడియా వచ్చి గ్లాసుకూ మొగుడికీ మధ్య నిలబడింది.

"పొద్దు గూకనియ్యి అత్తమ్మా. ఉపవాసం దప్పుతది."

"పొద్దు గూకేదాక వీడు ఉండాలె గద బిడ్డా," అంది మగ్దలేనమ్మ.

లిడియా పక్కకు జరిగింది. తిమోతి మాత్రం గ్లాసు అందుకోలేదు. భార్య మొహంలోకి ఒకసారి చూసి, పళ్ళు బిగపట్టి గోడవైపు తిరిగాడు. ఆటో పిలవమని మగ్దలేనమ్మ గట్టిగా చెప్పింది.

ఇది మూడో రాయి. మొదటిది నాలుగేళ్ళ కింద దానంతట అదే పడిపోయింది. రెండోదాన్ని కరీంనగర్‌లో లేజరు పెట్టి పగలగొట్టించారు. మూడోది మొన్న జనవరిలో స్కానింగులో కనబడింది. నాలుగు మిల్లీమీటర్లే, రోజుకు మూడు లీటర్లకు తగ్గకుండా నీళ్ళు తాగితే జారిపోతుంది, కత్తి అక్కర్లేదు అన్నాడు మంచిర్యాల డాక్టరు. ఎంత సులువైన మందు! కాని లిడియాకు సులువైన మందు మీద నమ్మకం తక్కువ. ఇంటికి రాగానే మోకరించి మొక్కుబడి చేసుకుంది. రాయి పడిపోయేదాకా బుధవారం, శుక్రవారం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కటిక ఉపవాసం ఉంటారు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా మెతుకు లేదు, చుక్క నీరు లేదు.

నీళ్ళు తాగితే తప్పులేదమ్మా అని పాస్టరయ్య కూడా చెప్పాడు. సగం ఉపవాసంతో సగం రాయే పడుతుంది అంది ఆమె. ఆయన ఇంకేం మాట్లాడతాడు?

రాయి పడాలని, నీళ్ళు తాగాల్సిన మనిషిని నీళ్ళు మాన్పించింది. ప్రేమ లేక చేసిందంటే పాపం తగులుతుంది. ప్రేమ ఎక్కువై, అది తన చేతి మీదుగానే జరగాలన్న పట్టుదల ఇంకా ఎక్కువై చేసింది.

ఆటోలో తిమోతి తల ఆమె ఒళ్ళో ఉంది. ఆయన ఫోను ఆమె చేతిలో ఉంది. పదహారు రోజుల కింద ఆ ఫోనులో ఆమె ఒక పని చేసింది. అది ఆమెకూ దేవునికీ తప్ప ఎవరికీ తెలియదని ఆమె అనుకుంటోంది.

తిమోతి బొగ్గుబాయిలో దిగే మనిషి. దిగేముందు ప్రతివాడూ ల్యాంపు రూం కిటికీ దగ్గర నెత్తికి పెట్టుకునే లైటు తీసుకోవాలి. ఆ కిటికీ లోపల కూర్చునేది మమతారాణి. తండ్రి పోయాక ఆయన ఉద్యోగం ఆమెకు వచ్చింది. మొగుడు ఓంప్రకాశ్‌కు ఆసిఫాబాద్‌లో పని, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున పోతాడు. ఈ సంగతి కాలనీలో ఎవరూ పట్టించుకోలేదు గాని లిడియా పట్టించుకుంది. వారంలో అయిదు రోజులు మొగుడు ఇంట్లో ఉండడు అని ఆమె మనసులో రాసి పెట్టుకుంది.

ఆ ఇద్దరికీ స్నేహం కలిపింది రాయే. మమతారాణికీ రెండుసార్లు పడ్డాయి. లైటు ఇచ్చేటప్పుడు ఆమె తిమోతి నీళ్ళ సీసా ఎత్తి చూసేది, నిండుగా ఉంటేనే లైటు చేతిలో పెట్టేది. నెల కింద ఆమెను ఇంకో బాయికి మార్చారు. అప్పటినుంచి ఆ ఆరా ఫోనులోకి మారింది.

మొగుడు స్నానానికి పోయినప్పుడు లిడియా చూసింది ఆ రాతలే, అంతకు ముందు శుక్రవారానివి.

"ఖతమా?"

"ఖతం. నీది?"

"నాది పొద్దుగాలనే ఖతం. ఇంకోటి వెట్టు."

"ఇయ్యాల శుక్రారం. లిడియాకు తెల్వద్దు."

ఏది ఖతం? ఇంకోటి ఏం పెట్టాలి? లిడియా చదివినంతసేపు స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు వినబడుతూనే ఉంది. ఇంకొంచెం పైకి జరిపితే ఫోటోలు వచ్చాయి. ఖాళీ సీసా. మళ్ళీ ఖాళీ సీసా. ఇద్దరూ ఒకరికొకరు ఖాళీ నీళ్ళ సీసాల ఫోటోలు పంపుకుంటున్నారు!

ఇంకొకతె అయితే నవ్వి, ఫోను అక్కడ పెట్టి, పొయ్యి దగ్గరికి పోయేది. లిడియాకు ఒళ్ళు మండిపోయింది. పాపమే అయి ఉంటే ఏడ్చి, ప్రార్థన చేసి, క్షమించి ఉండేది. ఇవి నీళ్ళు. నీళ్ళను ఏమని క్షమిస్తారు? తనతో మోకరించి ఉపవాసం పట్టిన మనిషి బాయిలోకి దిగి ఇంకొకతె మాట మీద నీళ్ళు తాగుతున్నాడు.

ఇంకొకటి కూడా ఉంది. పదమూడేళ్ళ కాపురంలో ఆయన ఆమెను కూతురి పేరు కలిపి మహిమ అవ్వా, అంటే మహిమ అమ్మా, అనే పిలిచాడు, కూతురు పుట్టకముందు ఓయ్ అన్నాడు. లిడియా అని ఆయన వేళ్ళతో రాయగా చూడడం ఆమెకు అదే మొదటిసారి. రాసింది ఆ మమతకు.

గొడవ పెట్టుకోలేదు. ఆ నంబరు నొక్కి, బ్లాకు చేసి, ఫోను దిండు కింద పెట్టేసింది. ఆ రోజునుంచి ఈ రోజుదాకా పదహారు రోజులు మొగుడు ఉపవాసం తప్పలేదు. బుధ, శుక్రవారాల్లో ముఖం కడుక్కోవడానికి తప్ప నీళ్ళ జోలికి పోలేదు. లిడియా ఎంత సంతోషపడిందో! గెలిచాననుకుంది.

మంచిర్యాల దవాఖానలో సూది వేశాక నొప్పి కాస్త సద్దుమణిగింది. స్కానింగు తీశారు. డాక్టరు చూసి చెబుతాడు కూర్చోమన్నారు. తిమోతి మంచం మీద కళ్ళు మూసుకున్నాడు, చేతికి సెలైను ఎక్కుతోంది. లిడియా పక్కన స్టూలు మీద కూర్చుని మనసులో వాక్యం చెప్పుకుంటోంది.

అప్పుడే మమతారాణి వచ్చింది. ఆటో నడిపిన సిద్దిరాములు ఆమె పనిచేసే బాయి దగ్గర చెప్పాడట, డ్యూటీలో ఒక పూట సెలవు రాసి వచ్చేసింది. నెత్తికి హెల్మెట్ తీయకుండానే లోపలికి వచ్చి, ముందు మంచం వైపు చూసి, తర్వాత లిడియాను చూసింది. వదినా, ఎప్పటినుంచి నొప్పి అని అడిగింది. లిడియా పొద్దుటినుంచి అని ఒక్కమాట చెప్పి ఊరుకుంది.

"తిమోతీ," అంది మమతారాణి మంచం వైపు వంగి, "మూడోదా? నన్ను దాటినవ్ గదా."

తిమోతి కళ్ళు తెరిచాడు. నవ్వాడు. పొద్దుటినుంచి బండల మీద పొర్లిన మనిషి, తల్లి పిలిస్తే పలకని మనిషి, ఒక్క మాటకు నవ్వాడు. లిడియా కళ్ళల్లో ఎవరో నిప్పులు పోసినట్టయింది. నన్ను వదిన అంటుంది, ఆయన్ని మాత్రం పేరు పెట్టి పిలుస్తుంది, ఇదేం వరుస అనుకుంది. వదిన అయితే ఆయన అన్న కావాలి కదా. ఎక్కడా అన్న అన్న మాట రాలేదే!

పదిహేను రోజులుగా మెసేజి పోవడం లేదు, ఫోను చేస్తే తగలడం లేదు, ఏమైందని మమతారాణి అడిగింది. లిడియా చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది.

"ఫోను ఖరాబయింది మమతా," అన్నాడు తిమోతి.

లిడియా తలెత్తింది. ఫోను బాగానే ఉంది. నిన్ననే ఆయన పర్శరాములుతో షిఫ్టు మార్చుకోవడం గురించి అరగంట మాట్లాడాడు. మొన్న మహిమ బడి టీచరుతో మాట్లాడాడు. ఈయన ఎందుకు అబద్ధం ఆడాడు? అడుగుదామంటే మమతారాణి ఎదుట అడగలేదు, ఊరుకుందామంటే మనసు ఊరుకోదు.

డాక్టరు ఫిల్ములు పట్టుకుని వచ్చాడు. రాయి పెరిగింది, ఏడు మిల్లీమీటర్లు, కిడ్నీనుంచి దిగి గొట్టంలో ఇరుక్కుంది, వెనక మూత్రం నిలిచిపోయి కిడ్నీ వాచింది, ఇవ్వాళే లోపల సన్నని గొట్టం వెయ్యాలి అన్నాడు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే ఎడమ కిడ్నీ మిగలదు అని కూడా అన్నాడు. చాలా మామూలుగా చెప్పాడు. లిడియా మంచం ఇనుప కడ్డీ పట్టుకుంది.

జనవరిలో నీళ్ళు తాగమన్నానే, రోజుకు ఎంత తాగుతున్నాడు అని అడిగాడు.

లిడియా నోరు తెరిచే లోపలే మమతారాణి చెప్పేసింది. "పదిహేను రోజుల కిందటిదాక నాలుగు బాటిళ్ళు సార్. బాయిల రెండు, పైకొచ్చినంక రెండు. తర్వాత నాకు తెల్వదు."

"మీరెవరమ్మా?"

"నాకు కూడా పడ్డయి సార్. ఇద్దరం ఒకలనొకలు అడుగుకుంటం."

డాక్టరు మెచ్చుకున్నట్టు తల ఊపాడు. ఆ తల ఊపడం లిడియాకు సూదిలా దిగింది. మొగుడు ఎన్ని సీసాలు తాగుతాడో దారిన పోయే డాక్టరుకు కూడా ఆమే చెప్పాలి, పెళ్ళాం మాత్రం కడ్డీ పట్టుకుని నిలబడాలి. తనకూ ఏదో చెప్పాలనిపించింది. డాక్టరు తిండి సంగతి అడగడమే ఆలస్యం, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. రెండో రాయిని పరీక్షకు పంపితే కాల్షియం అని వచ్చింది. కాల్షియం అంటే సున్నం అని మహిమ బడి పుస్తకం చూసి చెప్పింది. ఆ రోజే ఇంట్లో పాలు, పెరుగు, చల్ల అన్నీ బందు పెట్టింది. చాయ్‌లో కూడా పాలు పొయ్యదు, నల్ల చాయే. ఒంటికి బలానికి వారానికి నాలుగు రోజులు పాలకూర పప్పు పెడుతుంది.

చెప్పి, మమతారాణి వైపు చూసింది. ఇది నీకు తెలుసా అన్నట్టు.

డాక్టరు విసుక్కోలేదు. అదే పెద్ద శిక్ష అయింది. అమ్మా, తిరగబడింది అన్నాడు. పెరుగు అన్నంతో కలిసి పోతే, అందులో ఉన్న కాల్షియం పాలకూరలో ఉన్న రాయి సరుకును పేగులోనే పట్టుకుని బయటికి పంపిస్తుంది. పెరుగు మాన్పించి పాలకూర పెడితే ఆ సరుకంతా నేరుగా కిడ్నీకి పోతుంది. పెరుగన్నం పెట్టండి, పాలకూర తగ్గించండి, ఉప్పు తగ్గించండి, నిమ్మకాయ నీళ్ళు ఇవ్వండి. అన్నిటికంటే ముందు నీళ్ళు. మూత్రం తెల్లగా వచ్చేదాకా నీళ్ళు. వారానికి రెండు రోజులు ఎండబెడితే మిగతా అయిదు రోజులు తాగినా లాభం లేదు అన్నాడు. ఉపవాసం సంగతి ఆయనకు తిమోతే చెప్పి ఉండాలి, స్కానింగు దగ్గర.

మమతారాణి నవ్వి ఉంటే లిడియా తట్టుకునేది. ఆమె తల దించుకుంది, జాలిపడింది.

గంటలో థియేటరుకు తీసుకుపోతాం, అప్పటిదాకా చుక్క నీళ్ళు కూడా తాగించవద్దని నర్సు చెప్పింది. పొద్దు గూకడానికి ఇంకా రెండు గంటలు ఉంది. ఈ రోజు కూడా ఆయన ఉపవాసం తప్పలేదు.

లిడియా మమతారాణిని వరండాలోకి పిలిచింది. పిలిచిందే గాని ఎక్కడ మొదలు పెట్టాలో తెలియలేదు. బెంచీల మీద జనం. ఎవరికీ వినబడకుండా పోట్లాడడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడు తెలిసింది.

"నా మొగడు ఎన్ని నీళ్ళు తాగుతడో నీకెందుకు?"

"పడ్డదాన్ని గనుక వదినా. గా నొప్పి పడనోళ్ళకు చెప్తే సమజ్ కాదు."

తాను పక్కనే ఉండి రెండుసార్లు చూసిందట, చూస్తే అర్థం కాదా అని లిడియా అడిగింది. చూసుడు వేరు పడుడు వేరు అంది మమతారాణి. తానూ కొండగట్టు అంజన్నకు మొక్కుకుందట. మెట్లెక్కుతూ కూడా సీసా వదలలేదట. దేవుడు వద్దన్నాడా అంది. ఆ మాటలో ఎగతాళి లేదు గాని లిడియా ఎగతాళిగానే తీసుకుంది. మీ దేవుడు వేరు, నా మొక్కుబడి వేరు అంది. తర్వాత అసలు మాట పైకి వచ్చింది.

"మరి నా దగ్గర ఎందుకు దాచిండ్రు? తెల్వద్దు అని ఎందుకు రాసుకున్నరు?"

చదివానని ఒప్పుకున్నట్టయింది. నాలుక కరుచుకుంది గాని మాట పోయింది.

ఫోను ఎందుకు తగలలేదో మమతారాణికి ఇప్పుడు అర్థమైంది. అయినా దాని గురించి అడగలేదు.

"శుక్రారం నీళ్ళు తాగిన అంటే నువ్వు ఏడుస్తవన్నడు. నిన్ను ఏడిపియ్యద్దన్నడు. గంతే వదినా, ఇంకేం లేదు."

ఇంకేం లేదట! లిడియాకు ఏడుపు వచ్చింది, ఆపుకుంది. తనను ఏడిపించకూడదని మొగుడు అనుకుంటాడు. అంత మంచి మాట ఆయన నోట్లోనే ఉంది, పదమూడేళ్ళలో ఒక్కసారి తనకు చెప్పలేదు, ల్యాంపు రూం కిటికీ దగ్గర చెప్పాడు. ఎవరి మీద కోపం రావాలో కూడా తెలియలేదు. మమతారాణి వదినా, కూసో అంటూ చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుని లోపలికి వచ్చేసింది.

తిమోతికి ఆకుపచ్చ గౌను తొడిగారు. సూది మందు పూర్తిగా ఎక్కినట్టుంది, మొహం తేటగా ఉంది. పెదవులు ఎండిపోయి చెక్కులు కట్టాయి. లిడియా స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఫోను చేతిలోనే ఉంది, నంబరు వదిలేస్తే అయిపోతుంది, రేపటినుంచి మళ్ళీ ఆ ఖాళీ సీసాలు వస్తూ పోతూ ఉంటాయి. ఆయన తాగుతాడు, కిడ్నీ మిగులుతుంది. అది ఆమె కోరుకున్నదే. కాని మళ్ళీ ఆ మమత మాట మీదే తాగుతాడు కదా! చెబితే తిడతాడు, చెప్పకపోతే కడుపులో కుళ్ళిపోతుంది. కొంగుతో ముఖం తుడుచుకుని చెప్పేసింది.

"ఫోను ఖరాబు కాలే. మమత నంబరు నేనే ఆపిన."

"ఎరుకే," అన్నాడు తిమోతి.

తన మాట ఆయన సరిగ్గా వినలేదేమో అనుకుంది లిడియా. ఆయన కళ్ళు పైకప్పు మీద ఉన్నాయి. కోపం లేదు, గొంతులో అలసట ఉంది.

"ఎప్పుడు ఎరుక?"

"నువ్వు ఆపిన తెల్లారే."

"ఎరుక ఉండి ఎందుకు తియ్యలే మరి? ఎందుకు తాగలే?"

థియేటరు మనుషులు చక్రాల మంచం తోసుకుంటూ వరండాలోకి వచ్చిన చప్పుడు వినబడింది.

"ఆమె అడిగేది, తాగేటోన్ని. ఆమె అడుగుడు బందయింది. ఇగ నువ్వు అడుగుతవని చూసిన. పదహారు రోజులు చూసిన. ప్రార్థన చేసినవా అని అడిగినవ్. ఉపవాసం దప్పలేదు గదా అని అడిగినవ్. నీళ్ళు తాగినవా అని ఒక్కనాడు అడగలే."

ఇద్దరు మనుషులు వచ్చి తిమోతిని భుజాలూ కాళ్ళూ పట్టి చక్రాల మంచం మీదికి మార్చారు. నర్సు కాగితం తెచ్చి సంతకం పెట్టమంది. లిడియా పెట్టింది, ఎక్కడ పెట్టిందో చూసుకోలేదు. మంచం కదిలింది. ఆమె దాని పక్కనే నడుస్తూ కడ్డీ పట్టుకుంది.

"అడిగితే తాగేటోనివా?"

"అడిగి చూడకపోతివి," అన్నాడు తిమోతి.

థియేటరు తలుపు దగ్గర నర్సు ఆమె చెయ్యి కడ్డీ మీదినుంచి తీసింది. తలుపు మూసుకుంది. బెంచీ మీద మమతారాణి తన సంచి పక్కకు జరిపి చోటు చేసింది. లిడియా కూర్చోలేదు, వెళ్ళిపొమ్మనీ అనలేదు. గంట పడుతుందట, బయటికి తెచ్చిన రెండు గంటలకు నీళ్ళు తాగించవచ్చట. కళ్ళు తెరిచాక ఆయన్ని ఎవరు ముందు అడుగుతారో, ఎవరు అడిగితే ఆయన తాగుతాడో లిడియాకు తెలియదు.